మూడు పిడికిళ్ళ మట్టి

జనవరి, నెల నడిమి దాటాక

ఆ ఉదయం ఎలా గడిచిందో రాసిపెట్టుకోవాలి. ఇంటికి వచ్చేవాళ్ళు తలా ఒక రకంగా చెబుతున్నారు. ఇలా వింటూ పోతే నాకు గుర్తున్నది కూడా మారిపోతుంది.

వెలుగు రాకముందే లేచాను. పొయ్యిలో నిప్పు ఇంకా బతికే ఉంది. ఇంటి దేవతల గూటి ముందు చిటికెడు ఉప్పూ గుప్పెడు పిండీ పెట్టి, రోజూ అనుకునే మాటలే అనుకున్నాను. వెనక తలుపు తీస్తే మైదానంలో నిలబెట్టిన రాతి దిమ్మల మీద మంచు తెల్లగా పట్టి ఉంది. గనిలోంచి వచ్చిన రాయి పచ్చిది. దాని ఒంట్లో నీరుంటుంది. అందుకే రెండు చలికాలాలు ఆరుబయట నిలబెడతాం. మంచుకు పగిలినది పునాదిలోకి పోతుంది. పగలనిది గోడకెక్కుతుంది. నాన్న పద్ధతి ఇదే, ఆయన నాన్న పద్ధతీ ఇదే.

న్యుమేరియస్ ఆ దిమ్మల మధ్య తిరుగుతూ కనిపించాడు. ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి, తల వంచి వింటున్నాడు. కాసేపటికి చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చి పొయ్యి పక్కన కూలబడ్డాడు. నలభై దాటినా వాడు కూర్చునే చోటు మారలేదు. అమ్మ వాణ్ణి కని పోయినప్పుడు ఆ మూలనే నేను వాడికి పాలు తాగించింది.

"అక్కా, ఇది నిన్నటి రొట్టా, మొన్నటిదా?"

"తిని చెప్పు."

కొరికాడు. నమిలాడు. "దీన్ని రోముకి పంపాల్సిందే. ఊరంతా మళ్ళీ తగలబడ్డా ఇది మాత్రం కాలదు."

"పళ్ళూడినవాడు రొట్టెని తిట్టాడట."

"పళ్ళున్నాయే. వాటి మీద జాలి కూడా ఉంది."

వెల్లుల్లి వేసి నూరిన జున్ను ఇంకొంచెం పెట్టాను. అప్పుడు మానియస్ నడుం పట్టీ బిగించుకుంటూ వచ్చాడు. మా ముగ్గురిలో నడిమివాడు, నాన్న తర్వాత గని చూసుకునేది అతనే. రోము తగలబడ్డప్పటి నుంచీ అతనికి కూర్చుని తినే తీరిక లేదు. కట్టే ప్రతి ఇంటికీ కింది భాగం నిప్పుకు తట్టుకునే రాయితోనే కట్టాలని అక్కడ ఆజ్ఞ వేశారు. ఆ రాయి మా గాబీ ఊరి కింద ఉంది.

"రాత్రంతా తూర్పు గోడ మాట్లాడింది, అన్నా" అన్నాడు న్యుమేరియస్.

"గోడలు మాట్లాడవు. నీకు నిద్ర పట్టలేదు."

"మాట్లాడింది. సన్నగా. కాలి కింద ఎండుటాకు నలిగినట్టు. అడుగున మరీ లోపలికి కోశాం."

"ఈ వారం రెండు బండ్లు తక్కువ వెళ్ళాయి. ఆ గోడ మళ్ళీ మాట్లాడితే ఈ సంగతి కూడా చెప్పు దానికి."

"చెబుతాలే."

ఇద్దరూ నవ్వారు. న్యుమేరియస్ లేచి, నా పైట చెంగుకి చెయ్యి తుడుచుకున్నాడు. చిన్నప్పటి అలవాటు. "గుడ్డ లేదా నీకు?" అన్నాను. వెళ్ళిపోయాడు. వాడి భార్య వెట్టియా అప్పటికే బట్టలు జాడించడానికి చెరువుకి వెళ్ళింది.

నేను పప్పులో రాళ్ళు ఏరుతున్నాను. ఉరుము కాదు. నిండు బస్తాల బండి బోర్లా పడ్డట్టు ఒక చప్పుడు. పళ్ళెంలో గింజలు కదిలాయి.

తూర్పు చరియ విరిగి పడింది. పనివాళ్ళని తిండికి పైకి పంపేశాననీ, కింద ఎవరూ లేరనీ మేస్త్రీ హిలారస్ చెప్పాడు. అందరూ "కింద ఎవరూ లేరు, జూనో అమ్మవారి దయ" అన్నారు. నేనూ అన్నాను. తడి బట్టల మూటతో వచ్చిన వెట్టియా, "ఆయనేరీ?" అంది.

ఆ పొద్దున్నే బండ్లు రోముకి బయల్దేరాయి. వాడికి బండ్లతో వెళ్ళడం సరదా. చెప్పకుండా ఎక్కేసి ఉంటాడు.

మర్నాడు

బండ్లు ఇంకా తిరిగి రాలేదు. వాన.

సంత రోజు

బండ్లు వచ్చాయి. వాడు వాటిలో లేడు. వెళ్ళేటప్పుడూ లేడని బండివాడు అన్నాడు. అయితే దారిలో సత్రం దగ్గర మన రాతిపనివాళ్ళలా నడుముకి తోలు కట్టుకున్న మనిషి ఒకడు రోము వైపు నడుస్తూ కనిపించాడట. మానియస్ ఆ మాట విని పక్కకు తిరిగిపోయాడు.

తోలు కట్టుకుని నడిచేవాళ్ళు ఈ దారిలో తక్కువేమీ కారు. అయినా నడుస్తున్నాడంటే నడుస్తున్నాడనే కదా.

రాత్రి వాడి పళ్ళెంలో రొట్టె పెట్టాను.

జనవరి చివర

రాసే పలక మీది మైనం చలికి బిగుసుకుపోయింది. పలక పొయ్యి దగ్గర పెట్టుకుని రాస్తున్నాను.

మానియస్, హిలారస్ గని చూసి వచ్చారు. పడిన ముక్కలు ఒక్కొక్కటీ గదంత ఉన్నాయి. వాటి మీదుగా మిగతా చరియ ఇంకా వేలాడుతోంది. కింది నుంచి ఏది లాగినా మొత్తం దిగుతుంది.

"పైనుంచి రావాలి, అక్కా. వరస వరసా కోసుకుంటూ" అన్నాడు మానియస్.

"ఎన్నాళ్ళు?"

హిలారస్ అతని ముఖం చూశాడు. ఇతను నాన్న విడుదల చేసిన బానిస, మాతో అబద్ధం చెప్పడం ఇతనికి అలవాటు లేదు. "ఎండాకాలం దాకా, అమ్మగారూ."

వెట్టియా తలుపు దగ్గర నిలబడి ఉంది. "కోసిన రాయి ఏం చేస్తారు, బావగారూ?"

"రాయి రాయే. బండెక్కుతుంది."

"అంటే ఆయన్ని తియ్యడం కూడా పనే మీకు."

"పని కాకపోతే కూలీలు గాలి తిని కోస్తారా, అమ్మాయ్?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కాసేపాగి నేను వెళ్ళాను. చీకట్లో మంచం అంచున కూర్చుని ఉంది.

"వదినా, నేనిప్పుడు ఎవర్ని?"

"న్యుమేరియస్ పెళ్ళానివి."

"పెళ్ళాన్నైతే ఆయన రావాలి. విధవనైతే నల్లగుడ్డ కట్టాలి, జుట్టు విప్పి ఏడవాలి. నన్ను రెండూ చెయ్యనివ్వడం లేదు మీరు."

నేను ఆమె తల నిమిరాను. మా ఆయన పోయినప్పుడు నాకు కనీసం కాల్చడానికి ఒక ఒళ్ళుంది.

పైనుంచి కోయడం మంచిదే. మొత్తం తీసి చూస్తే అక్కడ ఎవరూ లేరని తేలుతుంది.

ఫిబ్రవరి మొదలు

రెండు వరసలు దిగారు. కొయ్య చీలలు దిగ్గొట్టి నీళ్ళు పోస్తే, అవి ఉబ్బి రాయిని చీలుస్తాయి. చీలేటప్పుడు వచ్చే చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది. చిన్నప్పుడు ఆ చప్పుడుకే నిద్రపోయేవాళ్ళం.

దిమ్మలు మైదానంలో ఆగడం లేదు. గని అంచు నుంచి నేరుగా బండి మీదికి. చెయ్యి పెట్టి చూశాను, తడిగా ఉన్నాయి. "ఇవి పచ్చివి కదా, మానియస్" అన్నాను.

"రోములో వాళ్ళు రెండు చలికాలాలు ఆగరు, అక్కా. నువ్వు ఆగమని చెప్పి చూడు."

"పగిలితే?"

"పగిలేది వాళ్ళ గోడలో పగులుతుంది."

నాన్న ఉంటే ఈ మాటకి చెంప పగిలేది. అయినా ఆ దిమ్మలు ఎంత తొందరగా పోతే అంత తొందరగా అడుగు కనిపిస్తుంది.

ఎవరి ఇంటికి గోడ అవుతాయో. ఆ ఇంట్లో వాళ్ళు గోడకి వీపు ఆనించి కూర్చుంటారు, చల్లగా ఉందనుకుంటారు.

మర్నాడు

రాయడానికి ఏమీ లేదు. రొట్టెలు చేశాను. ఒకటి ఎక్కువైంది.

రెండు రోజుల తర్వాత

సమ్మెట దొరికింది. పెద్ద ముక్క పక్కన సందులో ఇరుక్కుని ఉందట. హిలారస్ గుడ్డలో చుట్టి తెచ్చి, మానియస్‌కి ఇవ్వకుండా నాకిచ్చాడు.

పిడికి చుట్టిన పీలిక కుంకుమ రంగు ఉన్నిది. ఆ రంగు శాలువాలు ఈ ఊళ్ళో చాలామందికి ఉన్నాయి. సమ్మెటలు ఒకరివి ఒకరు తీసుకుంటూనే ఉంటారు.

మర్నాడు

ఆ పీలిక నా శాలువాదే. నేనే చుట్టాను.

ఆ మర్నాడు

పిండి తక్కువ కలిపాను.

ఫిబ్రవరి నడిమి, పెద్దల దినాలు మొదలు

గుళ్ళు మూశారు. ఈ తొమ్మిది రోజులూ పోయినవాళ్ళవి. పొద్దున్నే దారి పక్కన మా సమాధి దగ్గరకు వెళ్ళాం. అమ్మకీ నాన్నకీ పెంకు మీద ద్రాక్షసారాలో నానబెట్టిన రొట్టె, ఉప్పు, నాలుగు వయొలెట్ పూలు పెట్టాం. నాన్న పక్కన అస్థికల గూడు ఒకటి ఖాళీగా ఉంది. మానియస్ తనకోసమని చెక్కించుకున్నది. దాని వైపు ముగ్గురం చూశాం.

తిరిగి వచ్చేటప్పుడు వెట్టియా వెనకబడింది. గని అంచున దొరికింది. ఇంకొక పెంకు మీద రొట్టె పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కుడి పిడికిట్లో మట్టి.

ఆ పిడికిలి చూడగానే మానియస్ పరుగెత్తి మణికట్టు పట్టుకున్నాడు.

"వదులు. వదులు మట్టి. కింద కాదు, ఇటు పక్కకి."

"ఎందుకు వదలాలి?"

"మూడు పిడికిళ్ళు పడితే అది సమాధి. సమాధి మీద ఇనుము ఆనకూడదు. ఇంక ఒక్క రాయి తియ్యడానికి లేదు. తెలిసే చేస్తున్నావా?"

"తెలిసే. నీ గని మూతపడుతుంది. అంతేగా బావా నీ భయం."

గారు పోయింది. కూలీలు పని ఆపి వింటున్నారు.

"గని కాదే! వాడు అక్కడే ఉండిపోతాడు! రాళ్ళ కింద, కుక్కలా! నేను వాణ్ణి తీసి నాన్న పక్కన పెడతాను."

"తమ్ముడి మీద అంత ప్రేమున్నవాడివి ఆ గోడ అడుగున అంత లోతు ఎందుకు కోయించావు?"

మానియస్ ఆమె చెయ్యి వదిలేశాడు. పిడికిలి విప్పితే మట్టి ఆమె ఒళ్ళోనే పడింది. నేను దులిపాను. ఇద్దరి మధ్యా నడిచి ఇంటికి వచ్చాను.

ఇద్దరూ అన్నది నిజమే. జూనో అమ్మా, రెండు నిజాలు ఒక ఇంట్లో ఎలా పట్టించేది?

మర్నాడు

గుడి మూసి ఉంది కాబట్టి కొస్సీనియస్ తాతకి తీరిక. అమ్మవారి గుడిలో బలులూ తంతులూ చూసేది ఆయనే. ఎడమ చెవి వినపడదు, కుడి చెవికి అక్కర్లేనివి కూడా వినపడతాయి. నిన్నటి గొడవ ఆయన చెవిన పడింది. వచ్చి, పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి మట్టి వేసిందా, లేదా?"

"లేదు తాతా" అన్నాను.

"సరే. మరి వీడు?" కర్రతో మానియస్‌ని చూపించాడు. "చరియ పడ్డ రోజు సాయంత్రం దాకా నువ్వు చేతుల్తో మట్టి తవ్వావట. వాడి పేరు పెట్టి అరిచావట. ఊరంతా విన్నది, నాక్కూడా వినపడింది."

మానియస్ ముఖంలో నెత్తురు లేదు. ఆ భయం అతనిలో ముందునుంచే ఉందని అప్పుడర్థమైంది నాకు.

"నేను మట్టి తీశాను. వెయ్యలేదు."

"తీసిన మట్టి ఎక్కడ పడింది?"

"వెనక్కి."

"వెనక ఏముంది?"

"...రాళ్ళు."

"ఏ రాళ్ళు? పడిన రాళ్ళా, పడనివా?"

"తాతా, నేను చూసుకున్నానా!"

"పేరు ఎన్నిసార్లు పిలిచావు?"

"లెక్కపెట్టానా! గొంతు పోయేదాకా పిలిచాను."

"పూడ్చేటప్పుడు పేరు మూడుసార్లు పిలవాలి. నీది మూడు దాటింది. మట్టీ పడింది, పేరూ పిలిచావు, నేల నీది." తాత నా వైపు తిరిగాడు. "చూశావా అమ్మా. వెతుకుతున్నాననుకుని వీడు తమ్ముణ్ణి పాతిపెట్టేశాడేమో. ఆపైన ఇన్ని రోజులుగా సమాధిని కోసి రోముకి అమ్ముతున్నాడేమో."

మానియస్ నేల మీద కూర్చుండిపోయాడు. వెట్టియా కూడా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా అంతదాకా కోరుకోలేదు.

తాత కర్రతో నిప్పు కదిపాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్కటే చెప్పరా. పిలిచేటప్పుడు నీ మనసులో వాడు బతికున్నాడా, పోయాడా?"

"బతికే ఉన్నాడు. పలుకుతాడని పిలిచాను."

"అయితే అది తంతు కాదు. ఉత్త పిలుపు. లేవరా, ఏం పాపం లేదు." కర్ర ఊతంగా తానూ లేచాడు. "పోయాడని తెలిసి, పలకడని తెలిసి పిలవాలి. అప్పుడే లెక్క. అది ఎవరూ ఇంకా చెయ్యలేదు ఈ ఇంట్లో."

వెళుతూ నా చేతి రొట్టెలు రెండు పట్టుకెళ్ళాడు. "నీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదే, హెరెన్నియా, పళ్ళు కావాలి దీనికి" అన్నాడు. న్యుమేరియస్ ఈయనతో కూడా అనేవాడన్నమాట. అందరితోనూ అనేవాడేమో.

నాలుగో రోజు

మానియస్ పని ఆపలేదు. ఆపమని నేను అనలేదు.

వాణ్ణి తీసుకొచ్చి నీళ్ళు పోయాలి. ఎలా ఉన్నా సరే. జుట్టులో రాతిపొడి పోయేదాకా కడగాలి. పది వరసలైనా, ఇరవై వరసలైనా. అంతవరకు ఆగగలను. ఆగడం నాకు వచ్చిన పనే.

ఆరో రోజు

గని కూలీ ఆంప్లియాటస్ కాలు విరిగింది.

చీలకు నీళ్ళు పోస్తున్నాడు. వేలాడే చరియలోంచి పీపా అంత ముక్క ఊడి పడింది. తల మీద పడాల్సింది. మోకాలి కింద ఎముక బయటికి వచ్చింది. వైద్యుడు కట్టు కట్టి, జ్వరం రాకపోతే బతుకుతాడన్నాడు.

నూనె, పాత గుడ్డలు పట్టుకుని కూలీల పాకలకి వెళ్ళాను. అతనితో ఉంటున్న ఆమె, లైడే, సంతలో ఉడికించిన శనగలు అమ్ముతుంది. నన్ను చూసి లేవలేదు. ఎప్పుడూ లేచేది.

"నూనె అక్కడ పెట్టండమ్మా."

పెట్టాను. అతను పళ్ళు బిగించి కప్పు వైపు చూస్తున్నాడు. "అమ్మగారూ, చిన్నయ్య గారు ఇంకొక మూడు వరసల కిందే ఉంటారు" అన్నాడు. నాకు ఊరట చెప్తున్నాడు.

లైడే అతని నోటి మీద చెయ్యి పెట్టింది. "నువ్వు మూసుకో." నన్ను వాకిలి దాకా సాగనంపుతూ, మెల్లగానే అంది, కోపం కూడా లేదు. "అమ్మా, మీ తమ్ముడు పోయాడు. నా మనిషి ఇంకా ఉన్నాడు. ఉన్నవాడి మీద పోయినవాణ్ణి వెతకద్దని పెద్దయ్యగారికి చెప్పండి. నేను చెబితే దెబ్బలు పడతాయి. మీరు చెబితే వింటారు."

ఈ ఊళ్ళో నాతో మొదట ఆ మాట అన్నది ఆమె. మిగతావాళ్ళందరూ దొరకలేదు, కనిపించలేదు అన్నారు.

పోయాడు.

ఎనిమిదో రోజు

మబ్బు విడవని పొద్దున గని అంచుకు వెళ్ళాను. పనివాళ్ళు ఇంకా రాలేదు. కోసిన మెట్లు నీలం బూడిద రంగులో తడిగా మెరుస్తున్నాయి. ఎంత అందంగా కోశారో. గోడ మీద ఉలి గీతలు అన్నీ ఒకే వాలులో ఉన్నాయి. ఒక అరుగు మీద మాత్రం నెత్తురు మరక, దాని మీద ఎవరో ఇసుక చల్లారు.

అమ్మవారి గుడి ఈ రాయే. మా ఇల్లు ఈ రాయే. అమ్మానాన్నల సమాధి ఈ రాయే. మేము ఊరి కింది నేలని తీసి ఊరుగా నిలబెట్టాం, ఇప్పుడు రోముగా నిలబెడుతున్నాం. తీసిన చోట గొయ్యి ఉంటుందని తెలుసు. అది మా వైపు నడిచొస్తుందని మాత్రం అనుకోలేదు.

ప్రార్థన చెయ్యాలనుకున్నాను. ఏం అడగాలో తెలియలేదు. తెలియకుండా నిలబడటం కూడా ప్రార్థనే అనుకుని వచ్చేశాను.

దినాల చివరి రోజు

హిలారస్‌ని పిలిచి అడిగాను. నిజం చెప్పమన్నాను.

"తీయగలం, అమ్మగారూ. తీసేలోపు ఇంకొకరో ఇద్దరో పోతారు. పెద్దయ్యగారికి కూడా తెలుసు."

"అతను దిగుతున్నాడా కిందికి?"

"అందరికంటే ముందు ఆయనే దిగుతున్నారు. వేలాడే చరియ కింద ఆయనొక్కరే నిలబడుతున్నారు. మమ్మల్ని రానివ్వరు." ఆగి, "పడాలని నిలబడుతున్నట్టు ఉంటుందమ్మా" అన్నాడు.

మర్నాడు, బతికున్నవాళ్ళ విందు

పోయినవాళ్ళ దినాలు అయ్యాక ఈ ఒక్కరోజు మిగిలినవాళ్ళది. రక్తసంబంధం ఉన్నవాళ్ళంతా ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. మనసులో పగ ఉన్నవాడు ఈ విందుకు రాకూడదు.

"అయితే మనింట్లో ఎవరూ తినకూడదు" అంది వెట్టియా, చేప ముక్కలు వడ్డిస్తూ. చాలా రోజుల తర్వాత ఆమె నోట ఎగతాళి మాట. మానియస్ పెదవి కదిలింది. నవ్వు కాలేదు.

దేవతల గూట్లో మొదటి ముద్ద పెట్టాను. అందరూ తినేదాకా ఆగాను. తర్వాత చెప్పాను.

"ఇంక కోయద్దు, మానియస్."

"సగం పైగా వచ్చాం, అక్కా. ఇంకొక్క నెల."

"ఆ తర్వాత?"

"నాన్న పక్కన గూట్లో పెడతాను. నేను చెక్కించుకున్నది. వాడికిచ్చేస్తాను."

"వాడి మీద పడ్డది నువ్వు తీసేలోపు ఇంకొకరి మీద పడుతుంది. నీ మీదే పడుతుంది. అప్పుడు రెండో తమ్ముణ్ణి ఎవరు తవ్వాలి?"

మానియస్ పళ్ళెం పక్కకు నెట్టాడు.

"ఆపితే వాడు ఆ రాళ్ళ కిందే ఉండిపోతాడు, అక్కా."

"ఉంటాడు" అన్నాను.

నా గొంతులో ఆ మాట మొదటిసారి విన్నాను. వెట్టియా చేతిలో గరిటె కింద పెట్టేసింది. మానియస్ చొక్కా అంచు ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు. "వాడు చెప్పాడు. గోడ మాట్లాడుతోందని చెప్పాడు. నేను నవ్వాను" అన్నాడు. నేను కాదనలేదు. నీ తప్పు లేదనీ అనలేదు. ఈ రోజు అబద్ధం చెప్పకూడని రోజు. పక్కకి జరిగి కూర్చున్నాను, భుజం తగిలేలా. వెట్టియా నీళ్ళ గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "ముఖం కడుక్కోండి, బావగారూ."

దీపం మార్చేదాకా మాట్లాడుకున్నాం. ఇవి తేల్చుకున్నాం.

తూర్పు గోడ దగ్గర ఇంక ఇనుము ఆనదు. రేపు నిచ్చెనలు పైకి లాగేస్తారు. పడమటి పాత గోతిలో రాయి అంత మంచిది కాదు, పునాదులకి పనికొస్తుంది. కూలీలకి పని అక్కడ. మైదానంలో రెండు చలికాలాలు నిలబడినవి మాత్రమే రోముకి వెళతాయి. వాళ్ళు ఆగకపోతే మరొకరి దగ్గర కొనుక్కోవచ్చు.

వాడి మీంచి కోసి, ఇంకా బండెక్కని దిమ్మలు కొన్ని గని అంచున ఉన్నాయి. వాటిని ఎవరికీ అమ్మకూడదని వెట్టియా అంది. మానియస్ వెంటనే ఒప్పుకున్నాడు. వాటితోనే అక్కడ దారి మూస్తూ గోడ పేరుస్తాడు, ఒకటి అడ్డంగా ఒకటి లోపలికి, సున్నం లేకుండా. పచ్చివి కదా, మంచుకి పగులుతాయేమో అన్నాడు హిలారస్. పగిలితే పగలనీ అన్నాడు మానియస్.

ఆంప్లియాటస్ లేచేదాకా వాళ్ళిద్దరి తిండి మన పొయ్యి మీదే.

వెట్టియా రేపటి నుంచి నల్లగుడ్డ కడుతుంది. పది నెలలు. ఆ తర్వాత ఆమె ఇష్టం, ఇక్కడ ఉన్నా, పుట్టింటికి వెళ్ళినా ఎవరూ అడగకూడదు.

మట్టి మానియస్ వేస్తాడు, నేల అతనిది కాబట్టి. మా ఊరి పద్ధతిలో పైబట్ట నడుముకి బిగించి కట్టుకుని, తల కప్పుకుని వేస్తాడు. మొదటి పిడికిలి అతనిది, రెండోది వెట్టియాకి, మూడోది నాకు ఇమ్మని తాతని అడుగుతాం. ఒప్పుకోకపోతే మూడూ అతనే.

పేరు పిలిచే దగ్గర అందరం ఆగాం. వెట్టియా తన వల్ల కాదంది. తన గొంతు ఆ రోజే అయిపోయిందన్నాడు మానియస్. ఇద్దరూ నా వైపు చూశారు.

నన్ను పిలవమని తేల్చారు. సరేనన్నాను.

రేపు పొద్దున, గనిలోకి ఎండ దిగకముందు. మూడుసార్లు. మూడోసారి తర్వాత జవాబు కోసం ఆగకూడదట.